కుంచె పట్టిన ఇల్లు

మన గోడపత్రికలో ‘ఒక జీవితం’ శీర్షిక కింద ఇంతవరకూ ఎక్కువగా కవులే వచ్చారు. తిక్కన వచ్చాడు, మొల్ల వచ్చింది, వేమన వచ్చాడు, గురజాడ వచ్చాడు. ఈ నెల నా వంతు. నేను ఒక బొమ్మలాయన గురించి రాస్తాను. పేరు దామెర్ల రామారావు. ఊరు రాజమండ్రి. పుట్టింది 1897 మార్చి 8. పోయింది 1925 ఫిబ్రవరి 6. వేళ్ళు మడిచి లెక్కపెట్టండి, 28 ఏళ్ళు కూడా నిండలేదు. మన కాలేజీలో పాఠం చెప్పే మేడమ్‌లలో చాలామంది కంటే చిన్నవాడుగానే వెళ్ళిపోయాడు.

తెలుగు శాఖకి బొమ్మలతో ఏం పని అని మీరు అడగొచ్చు. పని ఉంది. పావగడ వాళ్ళకి మరీ ఉంది. మన తాలూకాకి మూడు వైపులా ఆంధ్ర, పేరుకి తుమకూరు జిల్లా. ఆఫీసులో కన్నడ, బోర్డుల మీద కన్నడ, ఇంటి గడప దాటి లోపలికి వస్తే తెలుగు. అంటే మనకి తెలుగు బతికి ఉన్న చోటు ఇంటి లోపలే. వంటింట్లో, పడసాలలో, పూలు కట్టుకునేచోట, బియ్యం ఏరుకునేచోట. ఆ ఇంటి లోపలి లోకం, అందులో తిరిగే ఆడవాళ్ళు, వాళ్ళ కట్టూ బొట్టూ కూర్చునే తీరూ బొమ్మకి తగినవేనని నమ్మి, కాగితం మీద నీటిరంగులతో నిలబెట్టిన మొదటితరం తెలుగువాళ్ళలో రామారావు ముఖ్యుడు. అందుకే ఆయన్ని ఈ గోడ మీదికి తెచ్చాను.

ఇంకో కారణం కూడా ఉంది. అది మెల్లగా చెప్తాను.

రామారావు పుట్టిన రాజమండ్రి మామూలు ఊరు కాదు. కందుకూరి వీరేశలింగం గారు ఆడపిల్లల చదువు కోసం, వితంతువుల పెళ్ళిళ్ళ కోసం జనంతో పోరాడిన ఊరు. రామారావు పెరిగేనాటికి ఆ గొడవలు సద్దుమణిగాయి గానీ, ఆ మాటలు మాత్రం ఊరి గాలిలోనే ఉన్నాయి. ఇంట్లో ఆడవాళ్ళు ఎలా బతకాలి అన్నది ఆ ఊళ్ళో వీధిలో మాట్లాడుకునే విషయం అయిపోయింది. వీరేశలింగం గారు 1919లో పోయేనాటికి రామారావుకి 22 ఏళ్ళు.

రామారావు తండ్రి వైద్యుడు. ఇంట్లో చదువుకి లోటు లేదు, కానీ పిల్లవాడికి చదువు మీద పెద్దగా మనసు లేదు. పుస్తకం తీస్తే అందులో బొమ్మ గీస్తాడు. మన క్లాసులో ఆఖరి బెంచీలో కూర్చుని నోట్సు వెనక పేజీ నిండా కళ్ళూ జడలూ గీసేవాళ్ళని మనం చూడటం లేదా, ఆ రకం. తేడా ఏమిటంటే ఆయన వెనక పేజీని ఒక పెద్దమనిషి తిరగేసి చూశాడు.

ఆ పెద్దమనిషి పేరు ఆస్వాల్డ్ కూల్డ్రే. రాజమండ్రి ప్రభుత్వ కళాశాలకి ప్రిన్సిపాల్. ఇంగ్లీషు దొర. దొరే గానీ దర్పం తక్కువ, పుస్తకాలూ బొమ్మలూ ఎక్కువ. తానే కవిత్వం రాసేవాడు, తానే రంగులు వేసేవాడు. గోదావరి జిల్లా అంటే ప్రాణం. మన దేశపు పాత శిల్పం, పాత బొమ్మలు గొప్పవని నమ్మినవాడు. ఆయన చుట్టూ కొందరు కుర్రాళ్ళు చేరారు. మనం ‘నారాయణరావు’, ‘గోన గన్నారెడ్డి’, ‘హిమబిందు’ నవలల రచయితగా చదువుకునే అడివి బాపిరాజు ఆ గుంపులోనివాడే. బాపిరాజు నవలల్లో అంతంత బొమ్మల ధోరణి ఎక్కడినుంచి వచ్చిందా అనుకునేవాళ్ళకి జవాబు ఇక్కడ దొరుకుతుంది. ఆయన రాసేవాడే కాదు, గీసేవాడు కూడా.

పరీక్షల్లో పెద్దగా రాణించని రామారావుని చూసి కూల్డ్రే దొర వేరే లెక్క వేశాడు. ఈ పిల్లవాడి చోటు ఇది కాదు, బొంబాయి అనుకున్నాడు. తన చేతి డబ్బు పెట్టి 1916లో జె.జె. స్కూల్ ఆఫ్ ఆర్ట్‌కి పంపించాడు. ఒక ప్రిన్సిపాల్ తన కాలేజీలో చదువు రాని పిల్లవాడిని వదిలించుకోవడం మామూలే. వాడికి వచ్చిన విద్య ఏదో కనిపెట్టి, రైలు ఖర్చులు పెట్టుకుని అక్కడికి చేర్చడం మాత్రం మామూలు సంగతి కాదు.

జె.జె. స్కూల్ 1857లో మొదలైంది. జంషెట్జీ జీజీభాయ్ అనే పార్సీ వర్తకుడు ఇచ్చిన విరాళంతో పుట్టింది కాబట్టి ఆ పేరు. అప్పటి ప్రిన్సిపాల్ సెసిల్ బర్న్స్ రామారావు తెచ్చిన బొమ్మలు చూసి నేరుగా పై తరగతిలో చేర్చుకున్నాడు. అక్కడి పద్ధతి ఇంగ్లండు పద్ధతి. గ్రీకు విగ్రహాల పోతలు ముందు పెట్టి, వాటి వెలుగూ నీడా చూసి గీయించేవాళ్ళు. తర్వాత ప్రిన్సిపాల్‌గా వచ్చిన గ్లాడ్‌స్టన్ సాలమన్ కాలంలో బతికున్న మనిషిని ఎదురుగా కూర్చోబెట్టి గీయించడం గట్టిగా నడిచింది. ఈ చదువు రామారావుకి బాగా పట్టుబడింది. ఎముక ఎక్కడ వంగుతుంది, భుజం ఎక్కడ తిరుగుతుంది, కూర్చున్న మనిషి బరువు ఎటు ఒరుగుతుంది అనేది చేతికి వచ్చేసింది. 1920లో చదువు ముగించుకుని మంచి పేరుతో బయటికి వచ్చాడు.

బొంబాయిలో పరిచయమైన గుజరాతీ చిత్రకారుడు రవిశంకర్ రావళ్‌తో స్నేహం వల్ల గుజరాత్ వైపు కూడా తిరిగాడు. కాఠియవాడ్ గొల్లభామల్ని బొమ్మ వేశాడు. ఊరూరూ తిరిగి చూసినవాటిని చిన్న పుస్తకాల్లో గీసుకునే అలవాటు ఆయనకి చివరిదాకా ఉంది. ఆ స్కెచ్ పుస్తకాలు చాలానే మిగిలాయి. తర్వాత కలకత్తా పోయి బెంగాల్ వాళ్ళ పని కూడా చూశాడు.

ఇక్కడ ఆనాటి బొమ్మల లోకం గురించి రెండు ముక్కలు చెప్పాలి, లేకపోతే రామారావు చేసిందేమిటో తెలీదు.

మన అవ్వల ఇళ్ళలో దేవుడి గూటి పైన ఉండే లక్ష్మి, సరస్వతి పటాలు గుర్తున్నాయా? వాటిలో చాలావాటికి మూలపురుషుడు రాజా రవివర్మ. ఆయనవి నూనెరంగులు. 1894లో బొంబాయిలో అచ్చుయంత్రం పెట్టి తన బొమ్మల్ని వేలకొద్దీ అచ్చేయించాడు. అలా గుడిసె నుంచి మేడ దాకా ఒకటే లక్ష్మి వచ్చి కూర్చుంది. రవివర్మ స్త్రీలు పట్టుచీరలు, నిండా నగలు, తెర వెనక స్తంభాలు, నాటకం రంగస్థలం లాగా ఉంటారు.

దీనికి ఎదురుతిరిగినవాళ్ళు కలకత్తావాళ్ళు. అవనీంద్రనాథ్ ఠాగూర్, ఆయన శిష్యులు నూనెరంగులు వద్దన్నారు. జపాన్ నుంచి వచ్చిన చిత్రకారుల దగ్గర కొంత నేర్చుకుని నీటిరంగుల్లో కొత్త పద్ధతి పట్టారు. రంగు వేయడం, కాగితాన్ని నీళ్ళతో తడపడం, ఆరాక మళ్ళీ పలచగా రంగు వేయడం. అలా చేస్తే బొమ్మంతా తెల్లవారుజాము మంచులో ఉన్నట్టు వస్తుంది. ఆ పద్ధతి మన తెలుగుదేశంలోకి కూడా వచ్చింది. బందరు ఆంధ్ర జాతీయ కళాశాలలో ప్రమోదకుమార్ చటర్జీ గారు నేర్పించారు. బాపిరాజు ఆయన శిష్యుడే.

రామారావు ఈ రెండు దారుల్లో ఏదీ పూర్తిగా పట్టలేదు. బొంబాయిలో నేర్చిన శరీరజ్ఞానాన్ని వదల్లేదు. కలకత్తావాళ్ళు ఇష్టపడిన నీటిరంగుల్ని, అజంతా మార్కు గీతనీ కాదనలేదు. కానీ ఆ మంచులోకి పోలేదు. ఆయన గీత తేటగా, తెగువగా ఉంటుంది. రంగు పలచగా ఉంటుంది గానీ మసక ఉండదు. మనిషి మన మనిషిలా ఉంటుంది.

నీటిరంగు అంటే ఏమిటో నాకు చెప్పడానికి ఒక్కటే పోలిక దొరికింది. ముగ్గు. కల్లాపి చల్లిన తడి ఆరకముందే వేయాలి. చెయ్యి వణికితే కనిపిస్తుంది. తప్పు పడితే తుడిచినా మరక ఉంటుంది. నూనెరంగయితే తప్పు మీద ఇంకో పొర పూసి కప్పేయొచ్చు. నీటిరంగులో ఆ ఆట సాగదు. కింద వేసింది పైకి కనిపిస్తూనే ఉంటుంది. ఇంకో వింత ఏమిటంటే, తెలుపు కావలసిన చోట పాతకాలపు పద్ధతిలో రంగు వేయరు, కాగితాన్ని అలాగే వదిలేస్తారు. అంటే వేసేవాడికి ఎక్కడ వేయకూడదో ముందే తెలిసి ఉండాలి. ముగ్గులో చుక్కలు ముందే పెట్టుకున్నట్టు.

పైగా ఇది ఇంట్లో కూర్చుని చేసుకోగలిగిన పని. ఒక కాగితం, ఒక గిన్నెడు నీళ్ళు, నాలుగు రంగు బిళ్ళలు, రెండు కుంచెలు చాలు. వాసన లేదు, రోజుల తరబడి ఆరబెట్టే పని లేదు. వంట మధ్యలో లేచిపోయి మళ్ళీ వచ్చి కూర్చోవచ్చు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, దీంతో ముందు ముందు పని పడుతుంది.

బొంబాయి నుంచి వచ్చాక అయిదేళ్ళలోపే రామారావు తన పెద్ద బొమ్మలన్నీ వేశాడు. ‘ఋష్యశృంగ బంధనం’ కలకత్తా ప్రదర్శనలో బహుమతి తెచ్చుకుంది. ‘సిద్ధార్థ రాగోదయం’ బుద్ధుడి కథలో యశోధర ఘట్టం. తూర్పు కనుమల మధ్య గోదావరిని వేశాడు. ‘నంది పూజ’ వేశాడు. ‘పుష్పాలంకారం’ వేశాడు. 1924లో లండన్ దగ్గర వెంబ్లీలో జరిగిన బ్రిటిష్ సామ్రాజ్య ప్రదర్శన దాకా ఆయన పని వెళ్ళింది.

వీటిలో నేను ఎక్కువసేపు చూసింది ‘పుష్పాలంకారం’. అచ్చులో ఒకటి, ఫోనులో ఒకటి, రెండూ పక్కపక్కన పెట్టుకుని చూశాను. పేరులోనే ఉంది, ఆడవాళ్ళు పూలతో సింగారించుకోవడం. యుద్ధం లేదు, శాపం లేదు, వరం లేదు. రాజు రావడం లేదు. మనం పెళ్ళిలో పెళ్ళికూతురి గదిలో చూసే పనే. ఒకరి జడ ఇంకొకరి చేతిలో ఉండే పని. మొగవాళ్ళకి ఆ గదిలో చోటుండదు, వాళ్ళకి అది ఒక పనిగా కూడా కనిపించదు. దాన్ని ఒక మొగవాడు రాగోదయమూ ఋష్యశృంగుడూ వేసిన అంత శ్రద్ధతోనే వేశాడు. చీర మడతలు ఎటు పోతాయో చూశాడు. పూలు పెట్టడానికి వంగిన మెడ ఎలా ఉంటుందో చూశాడు. అలా చూడాలంటే ముందు ఆ పనికి విలువ ఉందనుకోవాలి.

మనకి దగ్గర్లోనే, హిందూపురం దాటితే లేపాక్షి ఉంది కదా. 16వ శతాబ్దంలో వేసిన పైకప్పు బొమ్మల్లో ఆడవాళ్ళ చీరల అంచులు, కొప్పులు ఎంత ఓపికగా వేశారో మనలో చాలామంది విహారయాత్రలో మెడ నొప్పెట్టేదాకా చూశాం. తర్వాత ఆ ఓపిక మన దగ్గర చాలాకాలం గోడల మీద కనిపించకుండా పోయింది. రామారావు కాగితం మీద అది మళ్ళీ కనిపిస్తుంది.

ఇప్పుడు కాస్త దూరం పోయి వద్దాం. కెమెరాలు ఇంటింటికీ రాని 19వ శతాబ్దంలో, ఐరోపాలో ఒక అలవాటు ఉండేది. ఉన్నవాళ్ళు తమ ఇళ్ళలోని గదుల్ని నీటిరంగుల్లో వేయించుకుని ఆల్బమ్‌లలో దాచుకునేవాళ్ళు. కుర్చీ ఎక్కడుంది, తెర ఏ రంగు, గోడకి ఏ కాగితం అంటించారు అన్నీ ఉండేవి. ఇంగ్లండు రాణి విక్టోరియా కూడా తన గదుల్ని ఇలా వేయించుకుంది. ఇళ్ళల్లో ఆడపిల్లలకి కుట్టుపనితో, పియానోతో పాటు నీటిరంగులు కూడా నేర్పించేవాళ్ళు. నేర్పించింది పేరు కోసం కాదు, పెళ్ళి సంబంధానికి ఒక అలంకారంగా.

అలా నేర్చుకున్న వాళ్ళలో మేరీ ఎలెన్ బెస్ట్ ఒకరు. 1809లో యార్క్ ఊళ్ళో పుట్టింది. ఊరికే అలంకారంగా నేర్చుకోలేదు, నిజంగా చూసింది. తను తిరిగిన ఇళ్ళ వంటిళ్ళు, భోజనాల గదులు, అరల్లో పింగాణీ పళ్ళేలు, పని చేసే మనుషులు, ఒక్కటీ వదలకుండా వేసింది. ఈరోజు ఆ కాలపు ఇల్లు లోపల ఎలా ఉండేదో తెలుసుకోవాలంటే ఆమె బొమ్మలు చూస్తారు. 1840లో పెళ్ళయింది. పిల్లలు, సంసారం. బొమ్మలు తగ్గుతూ తగ్గుతూ పోయి చివరికి ఆగిపోయాయి. ఆమె బతికింది మాత్రం 1891 దాకా.

ఇంకొకరు స్వీడన్ దేశపు కారిన్. ఆమె భర్త కార్ల్ లార్సన్ ఇంటి గదుల నీటిరంగులకి లోకమంతా తెలిసినవాడు. కటిక పేదరికంలో పెరిగినవాడు, తల్లి బట్టలుతికి సాకింది. చిన్నప్పుడు లేని ఇల్లుని పెద్దయ్యాక బొమ్మల్లో కట్టుకున్నాడు అనిపిస్తుంది. సుండ్‌బోర్న్ అనే పల్లెలో కారిన్ తండ్రి ఇచ్చిన చిన్న ఇంటిని గది గదికీ వేశాడు. పిల్లలు, కిటికీలో పూలకుండీలు, బల్ల మీద సగం తిన్న రొట్టె అన్నీ. 1899లో 24 బొమ్మలతో ‘ఒక ఇల్లు’ అన్న అర్థం వచ్చే పేరుతో పుస్తకం వచ్చింది. ఆ గదుల్లో కనిపించే తివాచీలు, తెరలు, బల్లగుడ్డలు, కొన్ని కుర్చీలు కూడా కారిన్ ఆలోచనే. ఆమె కూడా చిత్రకళ చదువుకున్నదే. పెళ్ళయి పిల్లలు పుట్టాక బొమ్మలు వేయడం మానేసింది. మగ్గం పట్టింది. భర్త వేసిన బొమ్మల్లో ఉన్న ఇల్లు ఆమె చేసిన బొమ్మ. కానీ సంతకం ఆయనది.

లార్సన్ 1919లో పోయాడు. అప్పటికి రామారావు బొంబాయిలో చదువుకుంటున్నాడు. ఒకరి సంగతి ఒకరికి తెలిసి చేసిన పనులు కావు ఇవి. లార్సన్ బొమ్మలో గది ముందు కనిపిస్తుంది, మనిషి తర్వాత. రామారావు బొమ్మలో మనిషే ముందు. మన పాత ఇళ్ళలో సామాను తక్కువ కదా. ఒక చాప, ఒక పీట, గూట్లో దీపం. గదిని నింపేది మనుషులే. అందుకేనేమో మనవాళ్ళు గది వేస్తే ఆడవాళ్ళే గది అవుతారు.

మొదట్లో మెల్లగా చెప్తానన్న కారణం ఇదే. పెళ్ళయ్యాక కుంచె ఏమవుతుంది?

మనకి ఇది ఊరికే అడిగే ప్రశ్న కాదు. ఫైనలియర్ వచ్చేసరికి మన క్లాసులో పరీక్షల టైంటేబుల్ కంటే ముందు లగ్నపత్రికలు వస్తాయి. ఒకరు బాగా పాడేవాళ్ళు, ఒకరు పద్యం అప్పగిస్తే క్లాసు నిశ్శబ్దమైపోయేది, ఒకరు ముగ్గుల పోటీలో ప్రతి సంక్రాంతికీ మొదటి బహుమతి. రెండేళ్ళు పోయాక బస్టాండులో కనిపిస్తే చంకలో బిడ్డ. ఇప్పుడు పాడుతున్నావా అని అడిగితే నవ్వుతారు. ఆ నవ్వుకి అర్థం మనందరికీ తెలుసు. పెళ్ళిని తప్పుపట్టడం లేదు, బిడ్డని తప్పుపట్టడం లేదు. ఆ పాట ఎక్కడికి పోయిందా అని అడుగుతున్నాను.

మేరీ ఎలెన్ కుంచె పెళ్ళితో మెల్లగా ఆరిపోయింది. కారిన్ కుంచె మగ్గంలోకి పోయింది. రాజమండ్రిలో మాత్రం కథ తిరగబడింది. రామారావు భార్య సత్యవాణి గారు ఆయన ఇంటికి వచ్చాకే బొమ్మలు నేర్చుకున్నారు. భర్తే గురువు. ఆయన తోబుట్టువు దిగుమర్తి బుచ్చికృష్ణమ్మ గారు కూడా కుంచె పట్టారు, చిత్రకారిణిగా పేరు తెచ్చుకున్నారు. అంటే ఒకే ఇంట్లో పూలు కట్టే చేతులూ, పూలు కట్టడాన్ని బొమ్మ వేసే చేతులూ ఒకటే అయ్యాయి. 1920ల మొదట్లో, ఆడపిల్లకి ఉత్తరం చదవడం వస్తే చాలు అనుకునే కాలంలో ఇది జరిగింది. వీరేశలింగం గారు వీధిలో కొట్లాడింది ఆ ఇంట్లో చప్పుడు లేకుండా జరిగిపోయింది అనిపిస్తుంది నాకు.

రామారావు నేర్చుకున్నది ఇంటివాళ్ళకి చెప్పి ఊరుకోలేదు. స్నేహితులతో కలిసి రాజమండ్రిలోనే ఒక చిత్రకళా సంఘం పెట్టాడు, చిత్రకళాశాల నడిపాడు. డబ్బు తీసుకోకుండా నేర్పాడు. బొమ్మలు నేర్చుకోవాలంటే బొంబాయికో కలకత్తాకో పోవాలి అనే మాట పోవాలని ఆయన పట్టుదల. తనకి ఒక దొర రైలు ఖర్చులు పెట్టాడు, అందరికీ అలాంటి దొర దొరకడు కదా. చేతిలో పని ఉంది, పేరు వచ్చింది, పెద్ద ఊళ్ళు పిలుస్తున్నాయి. అయినా ఊరికి తిరిగి వచ్చి కూర్చున్నాడు.

అంతలో అమ్మవారు పోసింది. మన ఊళ్ళలో ఇప్పటికీ అలాగే అంటాం. మశూచి. దానికి టీకా జెన్నర్ అనే వైద్యుడు 1796లోనే కనిపెట్టాడు. అయినా మన దేశంలో ఆ రోగం పూర్తిగా పోవడానికి 1975 దాకా పట్టింది. టీకా కనిపెట్టిన నూట ముప్ఫై ఏళ్ళకి, ఒక వైద్యుడి కొడుకు, ఇంకా ఎన్నో బొమ్మలు వేయవలసినవాడు ఆ రోగంతోనే పోయాడు. 1925 ఫిబ్రవరి 6న. ఇంకో నెల గడిస్తే 28వ పుట్టినరోజు.

ఇక్కడితో కథ అయిపోయి ఉంటే నేనిది రాసేదాన్ని కాదేమో. ఎందుకంటే ఆయన బొమ్మలు మనకి మిగిలేవి కావు. నీటిరంగుల బొమ్మంత సుకుమారం ఇంకోటి ఉండదు. ఎండ తగిలితే రంగు వెలిసిపోతుంది. తడి తగిలితే మరక పడుతుంది. కాగితం పచ్చబడుతుంది, చెదలు తింటాయి, వెండిచేపలు తింటాయి. గోదావరి ఒడ్డున తేమకేం తక్కువ లేదు. రాతి విగ్రహం ఎవరూ చూడకపోయినా వెయ్యేళ్ళు నిలబడుతుంది. నీటిరంగుల బొమ్మ మాత్రం ఎవరో ఒకరు రోజూ పట్టించుకుంటేనే నిలుస్తుంది. పసిబిడ్డ లాంటిది.

పట్టించుకున్నవాళ్ళు సత్యవాణి గారు, స్నేహితులు. వరద వెంకటరత్నం గారు చిత్రకళాశాల ఆగిపోనివ్వలేదు, నేర్పే పని తన భుజానికెత్తుకున్నారు. చిన్న వయసులోనే భర్తని పోగొట్టుకున్న ఆడమనిషి ఆ కాలంలో ఎలా బతకాలో లోకం ముందే రాసిపెట్టి ఉంచింది. ఒక మూల, ఒక ముతక చీర, మాట తగ్గించుకోవడం. బొమ్మలు ముక్కలు ముక్కలుగా పంచుకోవడానికి, అమ్ముకోవడానికి, అటక మీద మరిచిపోవడానికి దారులు చాలా ఉన్నాయి. అలా జరగలేదు. ఈరోజు రాజమండ్రిలో ఆయన పేరు మీద చిత్రకళా మందిరం ఉంది, పెద్ద బొమ్మలూ స్కెచ్ పుస్తకాలూ ఒకేచోట ఉన్నాయి. ఎవరైనా టికెట్ కొనుక్కుని రాజమండ్రి రైలు ఎక్కొచ్చు. ఒకరి బొమ్మల్ని బతికించడం కూడా కుంచె పట్టడమే అని నాకు అనిపిస్తుంది.

మన శాఖలో కవుల జీవితాలు చదివేటప్పుడు ఒక మాట వింటూ ఉంటాం, చిన్న వయసులోనే పోయినా అమరుడయ్యాడు అని. రామారావు విషయంలో నేను ఆ మాట అనలేను. ఆయన్ని అమరుడిగా చేయడానికి చాలామంది చాలా ఏళ్ళు ఒళ్ళు వంచి పని చేశారు. అందులో ఆడవాళ్ళు ఉన్నారు. ఆయన బతికి ఉండగా వాళ్ళకి కుంచె ఇచ్చాడు కాబట్టే, ఆ బొమ్మ విలువ ఏమిటో వాళ్ళకి తెలుసు. తెలియనిదాన్ని ఎవరు దాస్తారు? ఇంట్లో ఆడవాళ్ళకి విద్య ఎందుకు అనే వాళ్ళకి ఇంతకంటే గట్టి జవాబు నాకు తెలీదు. ఇంటాయన పోయాక కూడా ఆయన పని నిలిచింది, ఇంట్లో వాళ్ళకి ఆ పని తెలుసు కాబట్టి.

ఇక మన సంగతి. మన చుట్టుపక్కల పల్లెల్లో మిద్దె ఇళ్ళు ఒక్కొక్కటే పోతున్నాయి. రాతి కూసాలు, మట్టి మిద్దె, పైన వెలుతురు కోసం గవాక్షి, పడసాలలో తిన్నె, మూలన జాలాడి, గోడలో దీపపు గూడు. పొద్దున పదింటికి గవాక్షిలోంచి ఎండ బిళ్ళలా నేల మీద పడి, సాయంత్రానికి గోడెక్కి పోయే వెలుగు మీకు తెలుసు. మా అవ్వకి గడియారం అదే. ఆ ఇళ్ళు పడగొట్టి సిమెంటువి కడుతున్నారు. కట్టనీ, వానకి కారని ఇల్లు ఎవరికి వద్దు? కానీ పోయే ఇల్లు లోపల ఎలా ఉండేదో రేపు ఎవరు చెప్తారు? ఫోనులో మన సెల్ఫీలు వేలు ఉన్నాయి, వెనకాల వంటిల్లు సగం కూడా పడదు.

అందుకని శాఖ వాళ్ళని అడిగి ఒప్పించాను. వచ్చే నెల ఈ గోడపత్రికలో కింది వరస మొత్తం ఖాళీగా ఉంచుతున్నాం. ఎవరింట్లో వాళ్ళు ఒక గది బొమ్మ వేసి తీసుకురండి. రంగు బిళ్ళలు మన స్టేషనరీ అంగడిలోనే దొరుకుతాయి, చిన్న డబ్బా చాలు. గది లేకపోతే ఒక మూల వేయండి, ఉట్టి వేయండి, రోలు వేయండి. అమ్మ పూలు కట్టుకుంటుంటే వేయండి. కాళ్ళూ చేతులూ సరిగ్గా రాకపోయినా ఫరవాలేదు. పెళ్ళి కుదిరినవాళ్ళు తప్పకుండా వేయండి, ఇంటి నుంచి పోయేముందు. కింద మీ పేరు రాయడం మరిచిపోవద్దు. సంతకం మీదే ఉండాలి.